పిచ్చుకలు తిన్న రొట్టె

"ఏదే నా రొట్టె?" గుమ్మంలోనే చెయ్యి చాచింది సెవారా అక్క.

సమర్‌కంద్‌లో దూరప్రయాణం కట్టేవాళ్ళు ఇంటి రొట్టె ఒక్కసారి కొరికి వెళ్తారు. తిరిగొచ్చి మిగతాది తినేదాకా అది గోడ మేకుకే వేలాడుతుంది.

అక్క తొమ్మిది నెలలు సైకిలు మీద దేశాలు తిరిగింది. బ్లాగు రాసి, గుండెజబ్బు పిల్లలకు చందాలు పోగుచేసింది. అన్నాళ్ళూ అమ్మ ఆ రొట్టెనే నిమిరేది. రోజూ రొట్టెలు కాలుస్తూ తందూరు పొయ్యి సెగకు కాలిన నా చేతుల వంక ఒక్కసారీ చూడలేదు.

రొట్టె తీసిచ్చాను. కొరికినచోట అక్క వేలు పోనిచ్చింది.

"నా ముందుపళ్ళ మధ్య సందుంది కదే! ఈ పంటిగాట్లు నావి కావు."

"నీది పిచ్చుకలకేశాను. టీవీలో నిన్ను చూసి ఒళ్ళు మండింది. అమ్మకి తెలీకుండా ఇంకోటి కొరికి తగిలించాను."

తిడుతుందనుకున్నాను. రొట్టెను మళ్ళీ మేకుకే తగిలించింది.

"కొరికింది నువ్వు. వెళ్ళొచ్చి నువ్వే తినాలి."

"నేనా? మరి తందూరో?"

అక్క నా ఏప్రన్ విప్పి తన నడుముకు కట్టుకుంది.

"సైకిలు బయటే ఉంది. సీటు దించుకో, పొట్టిదానా."