మూడడుగులు, లేదంటే మూడు కిలోమీటర్లు

"పెట్టె మూతి తూర్పుకే ఉండాలమ్మా. పొద్దుటి ఎండ తగిలితే అవి తొందరగా పనికి పోతాయి," అన్నాడు జయశీలన్.

రాజేంద్రనగర్‌లో తేనెటీగల పెంపకం నేర్పేది ఆయనే. నేర్చుకున్న పదిమందిలో రుక్కమ్మ ఒక్కతే నిజంగా మొదలుపెడుతోందని తెలిసి, సాతంరాయి అవతల ఉన్న ఆమె ఎకరం పొలానికి స్వయంగా వచ్చాడు. రెండు పెట్టెలూ స్టాండ్ల మీద పెట్టించి, చీమలు ఎక్కకుండా కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు ఉంచాడు.

"జాగ కుదరకుంటే జర అటో ఇటో జరుపొచ్చా సార్?" అడిగింది రుక్కమ్మ.

"జరిపితే మూడడుగుల లోపే జరపాలి. లేదంటే మూడు కిలోమీటర్ల అవతలికి తీసుకెళ్ళాలి. మధ్యలో ఎక్కడ పెట్టినా, బయటికి వచ్చిన ఈగ పాత చోటికే పోతుంది. పెట్టె కోసం అక్కడే వెతుక్కుంటుంది."

గట్టు మీద నిలబడి చూస్తున్న బాలమల్లు పకపకా నవ్వాడు. "ఏంది రుక్కమ్మా, బర్లను సాదుడు అయిపోయింది, ఇగ ఈగలను సాదుతవా?" అని, వెంటనే గొంతు తగ్గించి జయశీలన్‌ను అడిగాడు. "సార్, తేనె కిలో ఎంతకు పోతది?"

పక్క పొలం బాలమల్లు సంగతి ఊరంతటికీ ఎరుకే. గట్టు దాటి పడిన మామిడికాయ ఆయనదే, దారి తప్పి దూరిన కోడి ఆయనదే. నా జాగల ఉన్నది నాది అంటాడు, నోరు పెట్టుకుని గెలుస్తాడు.

అయితే రుక్కమ్మ కడుపుమంట మామిడికాయల గురించి కాదు. రెండేళ్ళ కిందట తన బోరు మోటారు పోయిందని బాలమల్లు ఆమె పెనిమిటి కొండల్‌ను పంచాయతీకి ఈడ్చాడు. కొండల్ ఎంత మొత్తుకున్నా ఒక్కరూ వినలేదు. తర్వాత ఆ మోటారు బాలమల్లు బావమరిది ఇంట్లోనే దొరికింది. అప్పటికే ఊరు 'దొంగ కొండల్' అని పేరు పెట్టేసింది. పెట్టిన పేరు మళ్ళీ తీయడానికి ఎవరికి తీరిక? మనిషి గడప దాటడం మానేశాడు, తిండి మానేశాడు, ఏడాది తిరక్కుండానే పోయాడు. తప్పయిందన్న ముక్క బాలమల్లు నోట ఇప్పటికీ రాలేదు.

ఆ పేరు బాలమల్లుకే తగలాలి. అదే పంచాయతీలో, అదే జనం నోట రావాలి. రుక్కమ్మకు ఈ లోకంలో ఇంకేమీ అక్కర్లేదు.

మునగ పూతకు పెట్టెలు నిండాయి. విమానాశ్రయం వచ్చాక పడిన రోడ్డు మీద సీసాలు పెట్టుకుని కూర్చుంటే కార్లు ఆపి మరీ కొన్నారు. బాలమల్లుకు కన్ను కుట్టింది. "నేను గూడ పెడత ఈగలు. దాంట్ల ఏమున్నది?" అని చాయ్ హోటల్లో నలుగురితో అన్నాడు.

ఒక పొద్దున రుక్కమ్మ సర్పంచ్ శివమ్మ ఇంటి ముందు నిలబడింది. "అక్కా, నా పెట్టెలు పోయినయ్."

పదిమంది వెతకడానికి బయల్దేరారు. ఎంతో దూరం పోనక్కర్లేకపోయింది. రెండు మళ్ళ అవతల బాలమల్లు పశువుల కొట్టంలో, చొప్ప పక్కన, మూతులకు గడ్డి కుక్కిన రెండు పెట్టెలు కనబడ్డాయి.

"ఇవి రుక్కమ్మవి గావా?" అంది శివమ్మ.

బాలమల్లు పెట్టెల వంక చూశాడు, రుక్కమ్మ వంక చూశాడు, మీసం దువ్వాడు. "ఆమెవెట్ల అయితయ్? నా కొట్టంల ఉన్నయ్, నావి. నిన్ననే కాటేదాన్‌ల చేపించుకొచ్చిన."

"ఈగలను గూడ కాటేదాన్‌లనే చేసిన్రా?"

"ఈగలు గగన్‌పహాడ్ దిక్కు ఒకతను అమ్మిండు. పెట్టె మీద ఆమె పేరున్నదా? ఈగల మీద ఉన్నదా?"

అలాంటి పెట్టెలన్నీ ఒకే తీరుగా ఉంటాయి. జనం వాటి చుట్టూ తిరిగి చూశారు, గుర్తేమీ దొరకలేదు.

"ఈగలనే అడుగుదాం అక్కా," అంది రుక్కమ్మ. "నిన్న గగన్‌పహాడ్ నుంచి వస్తే వాటికి నా పొలం ఎరుకుండదు. నావైతే నా పొలానికే పోతయ్."

"అడుగు, అడుగు. ఈగ సాక్ష్యం చెప్తదంట," అని బాలమల్లు నవ్వాడు.

రుక్కమ్మ గడ్డి లాగేసింది. ఈగలు బయటికొచ్చి, కొట్టం ముందు గిర్రున తిరిగి, రెండు మళ్ళ మీదుగా వెళ్ళాయి. జనం గట్ల వెంట వెనకే నడిచారు. రుక్కమ్మ పొలంలో ఖాళీ స్టాండ్ల మీద ఈగలు గుంపులుగా వాలి, లేని పెట్టెల కోసం వెతుక్కుంటున్నాయి.

"ఏంది బాలమల్లూ? నిన్నొచ్చిన ఈగలకు ఈమె జాగ ఎట్ల ఎరుక?" అడిగింది శివమ్మ.

బాలమల్లు దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాడు. తర్వాత చేతులు జోడించాడు. "పిల్లల మీద ఒట్టక్కా, నేను తీసుకరాలే. పొద్దుగాల లేచి చూస్తే కొట్టంల ఉన్నయ్. నా జాగల ఉన్నయ్ గదా అని నావే అన్న."

"జర సేపటి కింద చేపించుకొచ్చిన అంటివి. ఇప్పుడు వాటికి కాళ్ళొచ్చినయా?"

జనం ఘొల్లుమన్నారు. వెనక నుంచి ఎవరో 'దొంగ బాలమల్లు' అన్నారు. ఇంకొకరు అందుకున్నారు. పంచాయతీ దాకా అదే మాట ఆయన వెంట నడిచింది.

పంచాయతీలో రుక్కమ్మ జుర్మానా పైసలు వద్దంది. "నా కొండల్ దొంగ కాదని అందరి ముంగట చెప్పమను. నాకు గంతే చాలు."

బాలమల్లు తల వంచుకుని చెప్పాడు. వినబడలేదంటే మళ్ళీ చెప్పాడు. రుక్కమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

జనం చెదిరాక ఆమె కొంగును చుట్టకుదురుగా చుట్టి నెత్తిన పెట్టుకుంది, పెట్టెలు తెచ్చుకోవడానికి.

"ఒక్కదానివే ఎట్ల మోస్తవే? మనిషిని పంపనా?" అంది శివమ్మ.

"వద్దక్కా, మోస్త," అంది రుక్కమ్మ.

నిన్న పొద్దుగూకాక వాటిని అక్కడికి మోసింది కూడా ఆమే.