పరగడుపు కల

పళ్లు తోముకుందామని నల్లా దగ్గర నిలబడిన అనురాగ్ చేతిలోంచి కురుమమ్మ బ్రష్షు లాగేసుకుంది.

"నోట్లె నీళ్లు పొయ్యకు బిడ్డా. రాత్రి ఏం కల వచ్చిందో ముందుగాల చెప్పు."

అశోక్‌నగర్‌లోని ఆ హాస్టల్లో మెట్లు ఊడ్చే పనికి ఆమె కుదిరి ఎన్నాళ్లో కాలేదు. అనురాగ్ నిద్రలో కేకలు పెడతాడన్న సంగతి అప్పుడే ఆమె చెవిన పడింది. పడక ఏం చేస్తుంది? ఆ కేకలు భరించలేకే అతని గదిలోని వాళ్లు నారాయణగూడలో వేరే కిరాయి గది చూసుకున్నారు.

పాలమూరు వైపు తమ ఊళ్లో ఒక రివాజు ఉందని ఆమె చెప్పింది. పీడకలను పరగడుపున, పేగు సంబంధం లేని మనిషికి చెప్పేస్తే, అది విన్నవాళ్ల వెంట పోతుందట.

"మరి నీకు వస్తది కదమ్మా?"

"రానీ. నాకెట్లాగూ నిద్ర లేదు."

అనురాగ్‌కు ఇలాంటి వాటి మీద నమ్మకం లేదు. అయితే డాక్టరు రాసిన గోళీలు మింగితే పగలంతా మగత, రాత్రయితే మళ్లీ అదే కల. గ్రూప్స్ పరీక్ష నెత్తిమీదికి వచ్చింది. వయసు లెక్కన అతనికి ఇదే ఆఖరి పరీక్ష. చిక్కడపల్లి లైబ్రరీలో పుస్తకం ముందేసుకుని కూర్చుంటే ఒక్క ముక్క బుర్రకెక్కడం లేదు. భయం లేదు, ఏడుపు రాదు. మనిషి మొద్దుబారిపోయాడు.

పోయేదేముందని చెప్పాడు.

ఎండాకాలంలో పక్క సందులో కడుతున్న ఇంటి సెంట్రింగ్ కూలింది. అటుగా పోతున్న అనురాగ్ సలాకల కింది నుంచి ఒక కూలి కుర్రాణ్ని బయటికి లాగాడు. అంబులెన్స్ వచ్చేదాకా ఆ కుర్రాడి తల అతని ఒళ్లోనే ఉంది. దారిలోనే ప్రాణం పోయిందని తర్వాత ఎవరో అన్నారు. పేరేమిటో కూడా అనురాగ్‌కు తెలియదు. ఆ కుర్రాడే రోజూ కలలోకి వచ్చి, ఒళ్లో తల పెట్టుకుని అడుగుతాడు.

"అన్నా, నా చెప్పు ఏడ వడ్డదో జర చూడు."

అనురాగ్ ఆ ఇసుకలో, కంకరలో చెప్పు కోసం దేవులాడతాడు. దొరకబుచ్చుకుని తిరిగి వచ్చేసరికి కుర్రాడు ఉండడు. కేక పెట్టి లేస్తాడు.

కురుమమ్మ చీపురు పక్కన పెట్టి, గోడకు ఆనుకుని కూర్చుని మొత్తం విన్నది.

ఇక అదే వరస. అతను లేచేసరికి ఆమె నల్లా దగ్గర ఉండేది. వింటే సరిపోయేదానికి ఆరాలు కూడా తీసేది. నొప్పి అన్నాడా, మొఖాన దుమ్ము ఉండెనా, నువ్వు తుడిచినవా అని. కల వదిలించే మనిషికి ఇన్ని వివరాలెందుకో అనురాగ్‌కు అర్థమయ్యేది కాదు. కొందరికి పక్కవాడి కష్టం కాలక్షేపమని సరిపెట్టుకున్నాడు.

ఒకనాటి కలలో కుర్రాడు గట్టు మీద కూర్చుని, నవ్వుతూ మిర్చి బజ్జీ తింటున్నాడు. ఆ కలను మాత్రం కురుమమ్మ మళ్లీ మొదటినుంచి చెప్పించుకుంది.

రివాజు మహిమో, చెప్పుకుంటే గుండె బరువు దిగుతుందన్న మాట నిజమో గాని, కల పలచబడింది. కొన్నాళ్లు వస్తూ, కొన్నాళ్లు రాకుండా, చివరికి ఒక రోజు అనురాగ్ మొహాన ఎండ పడేదాకా నిద్రపోయాడు. లేచాక సంతోషమేమీ కలగలేదు. ఆకలి మాత్రం వేసింది.

కురుమమ్మ మెట్ల మీదే కాచుకుని ఉంది.

కల రాలేదని చెప్పాడు. ఇక రాదనుకుంటున్నానని కూడా చెప్పాడు.

"జర యాదికి తెచ్చుకో బిడ్డా. దూరంగనన్న కనవడ్డడేమో."

"కనవడలే. పీడ వోయింది. ఇగ ఆ పిల్లగాని ముచ్చట నా దగ్గర తియ్యకమ్మా."

పాపం, అతనికేం తెలుసు! ఆమె చీపురు చేతిలోకి తీసుకుంది.

"నిద్రయితే వట్టింది కద. సల్లగుండు" అని, మెట్లు కిందిదాకా ఊడ్చి వెళ్లిపోయింది.

మర్నాటి నుంచి పనికి రాలేదు.

అనురాగ్ పరీక్ష బాగా రాశాడు. రాసి బయటికొచ్చాక ఆమె గుర్తొచ్చింది. సుల్తాన్ బజార్ వెళ్లి ఒక చీర కొన్నాడు. ఆమె ఉండే చోటు హాస్టల్లో ఎవరికీ తెలియదు. పక్క సందులో మళ్లీ పని నడుస్తోంది, మేస్త్రీ బీరయ్యదీ పాలమూరే. అతన్ని అడిగితే, బొంబాయి పనికి పోయిన గుంపుతో వెళ్లిపోయిందని, ఏ జాగలో ఉందో తనకూ తెలియదని అన్నాడు.

అనురాగ్ చేతిలోని చీర సంచి చూపించాడు. మీ ఊరి రివాజే నన్ను బతికించిందని, పరగడుపు కల సంగతంతా బీరయ్యకు చెప్పాడు.

"మా దిక్కు గట్లాంటి రివాజు లేదు సారూ. పీడకల ఎవ్వరికి చెప్పం. చెప్తే నిజమైతదంటరు."

"మరి నాతోని రోజు ఎందుకు చెప్పిచ్చుకున్నది?"

బీరయ్య చేతికంటిన సిమెంటు నెమ్మదిగా దులుపుకున్నాడు.

"నీ హాస్టల్ నేనే చూపిచ్చిన సారూ. తనెవరో ఎరుకైతే నువ్వు నోరు విప్పవని ఆమె భయం. సెంట్రింగ్ కింద వోయిన మా రాము ఆమెకు ఒక్కగానొక్క కొడుకు. నీ కలల ఉన్నన్ని దినాలు, పొద్దుగాల పొద్దుగాల వచ్చి వాన్ని చూసుకొని పోయేది."