చూపిస్తేనే నిధులు

అపాయింట్‌మెంట్ లేకుండా లోపలికి వచ్చిన ఆమెను చూసి డైరెక్టర్ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఏం కొంప మునిగిందని ఈ పరుగు, గుల్లలమ్మా?"

ఆఫీసులో ఆమెకు ఆ పేరు పెట్టింది ఆయనే. ఆమె పట్టించుకోలేదు. ఆయాసం తీరేదాకా నిలబడింది. తర్వాత కుర్చీని గది మూలనున్న అక్వేరియం పక్కకు లాక్కుని కూర్చుంది.

"నిధుల కోసం వచ్చాను సార్."

ఆమె పరిశోధన చెవిగుల్లల మీద. చెవి ఆకారంలో ఉండే గుల్ల, లోపల నత్తలాంటి జీవి. ఒకప్పుడు తీరంలో ఏ బండ కింద చెయ్యి పెట్టినా తగిలేవి. తినేవాళ్లు తిన్నారు, అమ్మేవాళ్లు అమ్మారు. ఆడది గుడ్లను, మగది బీజాన్ని నీళ్లలోకి వదులుతాయి. రెండూ దగ్గరగా ఉంటేనే అవి కలుస్తాయి, దానికీ కొంత సమయం పట్టాలి. ఇప్పుడు సముద్రంలో మిగిలినవి ఒకదానికొకటి అందనంత దూరంలో ఉన్నాయి. ఈ తీరపు జాతి చెవిగుల్ల మనుషుల సంరక్షణలో గుడ్లు పెట్టడం ఇంతవరకు జరగలేదు.

పెట్టించడానికే ఆమె ల్యాబ్‌లో ఆరింటిని పెంచేది. మూడేళ్ల కిందట డైరెక్టర్ నిధులు ఆపేశాడు. ల్యాబ్‌కు తాళం పడింది. అక్కడ పంపులు చూసుకునే పెద్దాయన్ని ఈ ఆఫీసుకు అటెండర్‌గా మార్చారు. గుల్లల్ని మ్యూజియానికి అప్పగించాలని, వాటిని అక్కడ రసాయనం నింపిన సీసాల్లో భద్రపరుస్తారని ఉత్తర్వు వచ్చింది. మ్యూజియం వ్యాన్ వెళ్లేసరికి తొట్లు ఖాళీగా ఉన్నాయి.

"బతికే ఉన్నాయా?" అన్నాడు డైరెక్టర్.

"ఉన్నాయి. ముసలివవుతున్నాయి. ఇప్పుడు పెట్టకపోతే ఇక పెట్టవు."

"ఎక్కడున్నాయి?"

"చెప్పను."

డైరెక్టర్ నవ్వాడు. "ఇంట్లో బకెట్లో వేశారా?"

"వాటికి చల్లటి సముద్రపు నీళ్లు కావాలి. పంపు ఒక్క పూట ఆగినా పోతాయి. మా ఇంట్లో ఫ్యానుకే దిక్కులేదు."

"నేననేదీ అదే. అవి ఎప్పుడో పోయి ఉంటాయి. పోయినవాటి పేరు చెప్పి డబ్బడగడానికి సిగ్గుండాలి."

"బతికున్నవాటిని సీసాలో ముంచమన్నవాళ్లకు ఉండాలి సార్ సిగ్గు."

అటెండర్ టీ తెచ్చాడు. డైరెక్టర్ కప్పు బల్ల మీద, ఆమె కప్పు ఆమె చేతిలో పెట్టాడు.

"వేడిగా ఉందమ్మా. నిదానంగా తాగండి."

"తాగుతాలే బాబాయ్. నాకేం తొందర లేదు."

డైరెక్టర్ అతని వైపు చెయ్యి చూపించాడు. "మీ మనిషే. మీ దగ్గర ఉన్నన్నాళ్లూ మీలాగే మొండికేసేవాడట. ఇక్కడికొచ్చాక దారిలో పడ్డాడు. నా అక్వేరియం చూడండి. ఏసీ ఆగదు, కరెంటు పోతే జనరేటర్. వారం వారం సముద్రం నుంచి నీళ్లు తెప్పిస్తాడు. అద్దం మీద ఎక్కడైనా నాచు కనిపిస్తుందా? రోజూ పొద్దున నేనొచ్చేసరికి రాళ్లు కూడా మార్చి సర్ది ఉంటాయి. పనంటే అదీ."

"అవును సార్," అంది ఆమె. "ఆయన పని నాకు తెలుసు."

డైరెక్టర్ ఆ రోజు మొదటిసారి అక్వేరియం వైపు తిరిగాడు. ముఖం మారింది.

"ఇదేంటయ్యా? నీళ్లు ఇలా పాలల్లే అయ్యాయేం? నా చేపలేవి?"

"పొద్దున్నుంచీ ఇంతే సార్. నేనూ చూశాను."

"చూస్తూ నిలబడ్డావా? తియ్! మొత్తం తీసి సింకులో పారబొయ్!"

ఆమె కప్పును బల్ల మీద ఠప్పున పెట్టింది. టీ తొణికి డైరెక్టర్ కాగితాల మీద పడింది.

"మనిషి ఎదురుగా కూర్చుని మాట్లాడుతుంటే మీకు చేపల గోలేంటి సార్? నిధులిస్తారా, ఇవ్వరా?"

డైరెక్టర్ ఇటు తిరిగాడు. అటెండర్ కదల్లేదు.

"గొంతు తగ్గించండి. గుల్లల్ని చూపించండి, ఇస్తాను. నా కళ్లతో చూడాలి."

"చూసినా మీరు గుర్తుపట్టరు."

"నేనా? ముప్పై ఏళ్ల సర్వీసు నాది!"

"అది కుర్చీలో చేసిన సర్వీసు. సముద్రంలో మోకాలి లోతు దిగారా ఎప్పుడైనా?"

ఆయన లేచాడు. ఆమె లేవలేదు. ఆమె ఉద్యోగం సంగతి చూస్తానన్నాడు ఆయన. మూడేళ్ల కిందటే చూసేశారుగా అంది. ప్రభుత్వ ఆస్తి దొంగతనం కింద కేసు పెడతానన్నాడు. పెట్టుకోమంది. అలా టీ చల్లారిపోయేదాకా ఒకరినొకరు అనుకున్నారు. పక్క గదిలో టైపు చప్పుడు ఆగిపోయింది.

చివరికి ఆమె అటెండర్ వైపు చూసింది. అతను తల ఊపాడు. ఆమె బ్యాగు భుజానికి తగిలించుకుంది.

"సరే సార్. ఇవ్వకండి."

అంత సులువుగా లొంగుతుందని డైరెక్టర్ అనుకోలేదు. "ఇంతేనా?"

"ఇంతే. పిల్లలు పుడితే కబురు చేస్తాను."

"తప్పకుండా చెయ్యండి. ఉయ్యాల కొనిపెడతాను!"

తన జోకుకు తనే నవ్వుకుని, తడిసిన కాగితాలు తుడుచుకోవడంలో పడ్డాడు. అటెండర్ రెండు తెల్ల క్యాన్లు తెచ్చి, మగ్గుతో నీళ్లను మెల్లగా తోడి నింపాడు.

"సింకులో పొయ్యమన్నాగా?"

"పైపు పూడుకుపోయింది సార్. కిందికి తీసుకెళ్తాను."

"ఏదో ఒకటి తగలెయ్. రాళ్లు మాత్రం అక్కడే ఉంచు. నాకు అలవాటైపోయాయి."

"అలాగే సార్. వెంటనే కొత్త నీళ్లు పోసేస్తాను."

గేటు బయట ఆటో ఆగి ఉంది. అటెండర్ క్యాన్లను ఆమె కాళ్ల దగ్గర పెట్టాడు. ఆమె మూతలు రెండూ తడిమి చూసింది.

మూడేళ్లుగా డైరెక్టర్ ఏసీ కింద, డైరెక్టర్ జనరేటర్ మీద బతుకుతూ, డైరెక్టర్ కంటికి రాళ్లలా కనిపిస్తున్న ఆ ఆరూ కన్న తొలి సంతానం ఆ క్యాన్లలోని తెల్లటి నీళ్లలోనే ఉంది.