మూడు నకలు కార్లు

“ఇది కారా, శవపేటికా?” డొరీన్ కార్ల బొమ్మలున్న రంగుల పుస్తకాన్ని వంటింటి బల్ల మీద విసిరికొట్టింది. కాఫీ కప్పు ఎగిరిపడింది.

“అరవై ఏళ్ళ కిందటి రేసు కారుకు నకలమ్మా,” అన్నాడు కొడుకు కైల్ ఓపిగ్గా. “ముక్కలన్నీ పెట్టెల్లో పంపుతారు. మన గరాజ్‌లో నేనే బిగించుకుంటాను. సాయంత్రంలోగా ఏదో ఒకటి ఖాయం చెయ్యాలి.”

“ఏదీ, చూపించు! దేంట్లో చస్తావో నాకూ తెలియాలిగా!”

కైల్ పుస్తకంలో మొదటి కారున్న పేజీ తీశాడు. తొమ్మిది వేల డాలర్లు. పైన ఫైబర్ తొడుగు, కింద తుక్కు దుకాణంలో దొరికే పాత కారు చట్రం.

“తుక్కుకు రంగేసి అందులో నా కొడుకును కూర్చోబెడతారా? వాళ్ళకు పిల్లల్లేరూ?”

“అందుకేగా రెండోది చూశాను. ఇరవై రెండు వేలు. చట్రం ఇంజనీర్లు లెక్కగట్టి చేశారు. బ్రేకులు కొత్తవి, బెల్టులున్నాయి. వచ్చే వేసవికి రోడ్డెక్కిస్తా.”

“వచ్చే వేసవికా!” డొరీన్ మొహం పాలిపోయింది. “టొలీడో హైవే మీద, ఆ లారీల మధ్య! ఎంత వేగం పోతుందేమిటి?”

“నూట యాభై మైళ్ళు,” అనేసి కైల్ నాలిక్కరుచుకున్నాడు.

“మూడోది?”

“అది మనకెందుకులే. నలభై వేలు. ప్రతి బోల్టూ అసలు కారుకున్నట్టే ఉండాలి, వాళ్ళ దగ్గర లేని చిన్న ముక్కలు మనమే వెతుక్కోవాలి. అసలు దానికి బెల్టుల్లేవని దీనికీ పెట్టరు.”

డొరీన్ కుర్చీ వెనక్కి తోసి లేచింది. “అదే కొను.”

“అమ్మా?”

“చేస్తే అసలులా చెయ్యాలి గానీ ఈ అరకొర వేషాలేమిట్రా? వీధిలోవాళ్ళు బొమ్మకారని నవ్వుతుంటే నేను వింటూ కూర్చోవాలా? తక్కువైంది నేనిస్తాను. ఇంటి పైకప్పు ఇంకో రెండు చలికాలాలు కారితే కారనీ. ఫోన్ చెయ్యి, ఇప్పుడే, నా ఎదురుగా!”

ఆమె మనసు మారేలోగా కైల్ ఫోన్ చేసి ఖాయం చేసుకున్నాడు. తల్లిని గట్టిగా వాటేసుకుని, గరాజ్ సర్దడానికి పరుగెత్తాడు.

తలుపు పడగానే డొరీన్ తనతో పనిచేసే రోండాకు ఫోన్ చేసింది.

“రోండా, ఒట్టేసి చెప్పు. మీ ఆయన ఆ అచ్చు అసలులాంటి కారు ముక్కలు తెప్పించి ఎన్నేళ్ళయిందన్నావు?”

“పదమూడేళ్ళు తల్లీ! చక్రాలింకా పెట్టెలోనే ఉన్నాయి. ఆ మనిషి సరైన బోల్టు దొరకలేదని ఊళ్ళు పట్టుకుని తిరుగుతున్నాడు.”