కాటి సీను

“మసూదూ, సౌండు పెంచప్పా! ఆనంద్ వచ్చినాడు.”

పెనుకొండ బస్టాండు ఎదురుగా ఉన్న టీ కొట్లో తలలన్నీ టీవీ వైపు తిరిగాయి. సుబ్బరాయుడు టీ గ్లాసు పట్టుకుని బెంచీ చివరకు జరిగాడు.

మూలపడిన పద్యనాటకాన్ని మళ్లీ స్టేజీ ఎక్కిస్తామని, రాజు వేషానికి జనం ఓట్లతోనే మనిషిని ఎంచుతామని ఒక టీవీ చానల్ పోటీ పెట్టింది. గెలిచినవాడికి ఊరూరా ప్రదర్శనలు, నెల జీతం. ఏ నాటకమో వేరే చెప్పాలా? అబద్ధమాడనన్నందుకు రాజ్యం పోగొట్టుకుని, ఆలిని అమ్ముకుని, చివరికి శ్మశానంలో కాపలాకు నిలబడ్డ రాజు కథ ఈ సీమలో తెలియని గడప లేదు. పోటీలో ఇద్దరే మిగిలారు. ధర్మవరం విజయ్ కుమార్ ఒకడు, హిందూపురం ఆనంద్ ఒకడు.

ఆనంద్ పద్యం ఎత్తుకునే ముందు టీవీ వాళ్లు అతని కథ చూపించారు. హిందూపురంలో ఈమధ్యే దిగిన అద్దె గది. గోడకు దండ వేసిన ఫొటో. అందులో మనిషికి కిరీటం, ముఖమంతా రంగు, మెలితిప్పిన మీసం.

“నాటకాల్లో ఆమడగూరు రాజంటే మా నాయనే. నేను ఈ వేషం కట్టేది చూడకుండానే పోయినాడు” అని ఆనంద్ తల దించుకున్నాడు. పక్కన తల్లి సులోచన, బొట్టు లేని నుదురుతో, కొంగు మెడ చుట్టూ కప్పుకుని కూర్చుంది.

కొట్టు నడిపే మసూద్ కళ్లు తుడుచుకున్నాడు. “నా ఓటు ఈ పిల్లోడికే. గొంతు చూస్తే ధర్మవరం పిల్లోడిదే బాగుండాది. ఏం లాభం? వాళ్లింట్లో అమ్మానాయనా ఇద్దరూ గుండ్రాళ్ల మాదిరి ఉండారు. యాడ గెలుస్తాడు?”

కొట్లో అందరూ నవ్వారు. సుబ్బరాయుడు నవ్వలేదు. నున్నగా గీయించిన పైపెదవి మీద వేలు అటూ ఇటూ ఆడించుకున్నాడు. అది అతని అలవాటు. ఈమధ్యే వచ్చి పక్కనున్న కల్యాణమంటపంలో వాచ్‌మన్‌గా చేరాడు.

“ఇంకో నలుగురితో వేయించప్పా, పుణ్యముంటాది” అన్నాడు.

“పొద్దున లేస్తే బస్సెక్కే వాళ్లనంతా పట్టుకుని ఓటు ఓటు అంటాండావు. ఆ పిల్లోడు నీకేమైతాడు?”

“వాళ్ల నాయన నాకు బాగా తెల్సప్పా. బల్లల స్టేజీ మీద తెల్లవార్లూ పాడేటోడు. పెట్టెడు శాలువాలు తప్ప ఏం మిగల్లేదు. ఇప్పుడు పిలిచేటోళ్లు కూడా లేరు. పిల్లోడికన్నా ఆ వేషం దక్కాల. అదొక్కటే నా కోరిక.”

“పాపం, ఎట్ల పోయినాడో?”

“టీ చల్లారిపాయె. ఇంకొకటి పొయ్యి.”

ఆఖరి పోటీ హిందూపురంలో, ఆరుబయట, వేలమంది ముందర. మసూద్, సుబ్బరాయుడు బస్సులో వెళ్లారు. మైదానంలో సుబ్బరాయుడు తలకు టవలు చుట్టుకుని అందరికంటే వెనక కూర్చున్నాడు.

“ముందరికి పోదాం రాప్పా” అన్నాడు మసూద్.

“వద్దులే. నాకీడనే బాగుంటాది.”

పోటీకి ఇచ్చింది కాటి సీను. విజయ్ కుమార్ గంట కొట్టినట్టు పాడాడు. జడ్జీలు లేచి నిలబడ్డారు. సుబ్బరాయుడి వేలు పైపెదవి మీదికి పోయింది. తరవాత ఆనంద్ వచ్చాడు, భుజాన కంబళి, చేతిలో కర్ర. రాణి వేషం కట్టిన నవీన చచ్చిపోయిన కొడుకును ఎత్తుకొచ్చి కాల్చనివ్వమని వేడుకుంది. కాటి సుంకం కట్టమన్నాడు కాపరి. చిల్లిగవ్వ లేదంది. “మెడలో తాళి ఉందిగా, అది అమ్మి కట్టు” అన్నాడు. ఆమె ఉలిక్కిపడింది. ఆ తాళి కట్టినవాడికి తప్ప లోకంలో ఎవరి కంటికీ కనపడదు. ఎదుట ఉన్నది తన మొగుడేనని అప్పుడు తెలిసింది ఆమెకు.

ఇంత జరిగినా సత్యం తప్పనని రాజు పద్యం అందుకోవాలి. ఆనంద్ అందుకుని, సగంలో ఆగిపోయాడు. ముందు వరసలో ఉన్న తల్లిని చూశాడు. ఆమె తల వంచుకుంది.

“ఎత్తుకో నాయనా, ఎత్తుకో” అని వెనక సుబ్బరాయుడు పంటి బిగువున గొణిగాడు.

ఆనంద్ ఎత్తుకున్నాడు. ఏడుస్తూనే పాడాడు. మైదానమంతా ఏడ్చింది. వన్స్ మోర్ అని అరిచింది.

యాంకరమ్మ సులోచనను స్టేజీ మీదికి పిలిచింది. “అమ్మా, మీ ఆయన పైనుంచి చూస్తూనే ఉంటారు. ఆయనకు ఏం చెప్తారు?”

సులోచన పైకి చూడలేదు. జనం మీదుగా దూరంగా చూసి భోరుమంది. అంతే, ఓట్లు వరదలా వచ్చాయి. కిరీటం ఆనంద్ తలకెక్కింది.

“ఆ నాయన ఉండింటే ఎంత సంతోషపడునో!” అన్నాడు మసూద్.

సుబ్బరాయుడికి సంతోషంతోనే ఏడుపొచ్చింది. ఎందుకో సిగ్గు కూడా వేసింది. టవలుతో ముఖం తుడుచుకుని లేచాడు. “నువ్వు బస్టాండుకు నడుస్తాండప్పా. ఆయమ్మకు ఒక మాట చెప్పొస్తా.”

స్టేజీ కింద సులోచన చుట్టూ ఆడవాళ్లు మూగి చేతులు పట్టుకుంటున్నారు. తోపులాటలో ఆమె కొంగు జారింది. ఆమెకా ధ్యాసే లేదు. అందరి కళ్లూ కిరీటం మీద, కెమెరాల మీద ఉన్నాయి. సుబ్బరాయుడు సందు చేసుకుని ఆమె ముందుకొచ్చి, పరాయివాడిలా చేతులు జోడించాడు. సులోచన కూడా చేతులు జోడించింది.

అతను అటూ ఇటూ చూసి ఆమె చెవి దగ్గరకు వంగాడు.

“ఏమే, తాళి బయటపడతాండాది, లోపలికి దోపుకో.”