మూడంగుళాలు

“నడుం దగ్గర ఇంకా బిగించక్కా, జారిపోతోంది,” అద్దంలో చూసుకుని మురిసిపోతూ అంది పంతులమ్మ.

టైలరమ్మ టేపు మెడలో వేసుకుని కొలతల పుస్తకం తిరగేసింది. “రోజూ నడిచి, నోరు కట్టుకుంటే ఆరు నెలలకి అంగుళం తగ్గావు. ఈ ఒక్క నెలలో మూడా! ఏం చేశావేంటి?”

“ఏమీ లేదు. మోకాలు నొప్పని నడక కూడా మానేశా. శుభ్రంగా తింటున్నా. ఇన్నాళ్ళకి నా ఒళ్ళు నా మాట వింది!”

టైలరమ్మ నవ్వలేదు. “దాహం ఎక్కువగా వేస్తోందా?”

“బిందెలకు బిందెలు తాగేస్తున్నా. నీకెలా తెలుసు?”

టైలరమ్మ డ్రెస్సు విప్పించి, మడిచి వెనక్కిచ్చింది. “డాక్టరుకి చూపించుకుని రా. అందాకా దీనికి సూది పెట్టను.”

“ఊరికే భయపెట్టకక్కా! తగ్గితే సంతోషించక...”

టైలరమ్మ పుస్తకంలో పాత పేజీ తీసి ముందు పెట్టింది. ఒకే పేరు కింద నాలుగు నడుం కొలతలు. ఒకదానికంటే ఒకటి తక్కువ. ఆ కింద పేజీ అంతా ఖాళీ.

“మా చెల్లెలు. ఇలాగే ఏమీ చేయకుండా తగ్గింది. నాలుగుసార్లు బిగించి కుట్టిచ్చాను. నాలుగుసార్లూ, ‘అదృష్టవంతురాలివే’ అని మెచ్చుకున్నాను.”