పూతా కాతా

శ్రీరంగప్ప సారు జేబులోంచి తాళంచెవి తీశాడు. ఓబుళేసు ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని నిలబడ్డాడు.

పది రోజుల కిందట సారే తాళం వేసి, చెవి పట్టుకుపోయిన రేకుపెట్టె అది. లోపల రెండు ప్లాస్టిక్ కవర్లు. ఒక్కో దాంట్లో రెండేసి మెత్తటి జొన్నరొట్టెలు. ఒకటి మామూలు కవరు. రెండోదానికి లోపలివైపు ఓబుళేసు కనిపెట్టిన పూత. లవంగనూనె, వేపబంక, ఇంకా ఏవేవో చెట్ల సరుకు కలిపి కాచిన పూత. తిండిని చెడగొట్టే కంటికి కనిపించని క్రిములు అది తగిలితే చస్తాయనీ, తినే మనిషికి మాత్రం ఏమీ కాదనీ అతని వాదం.

బత్తలపల్లెలో కవర్లు చేసే చిన్న షెడ్డు అతనిది. మూడేళ్ళుగా పూస్తున్నాడు, తుడుస్తున్నాడు, మళ్ళీ పూస్తున్నాడు. "ఓబుళేసుది అంతా పూతే గాని కాత లేదప్పా" అని ఊరు నవ్వింది. ఊరి వేరుశనగదీ అదే కథ కాబట్టి అతను పెద్దగా నొచ్చుకోలేదు.

జిల్లాలో మహిళా సంఘాలు అమ్మే రొట్టెలకు ఏ కవరు వాడాలో సిఫారసు చేసే అధికారి శ్రీరంగప్ప. ఆ కాగితం ఇవాళ సాయంత్రంలోగా అనంతపురం చేరాలి. అందులో ఈ పూత పేరుంటే షెడ్డు నిలుస్తుంది. లేదంటే షెడ్డుకు తాళం, ఓబుళేసు బెంగళూరులో కూలికి.

"సార్, ఆ క్రిములన్నీ చెడ్డవేనా?" గడపలోంచి అడిగింది అతని భార్య మల్లీశ్వరి.

"అన్నీ కాదమ్మా. పాలు పెరుగయ్యేది కూడా వాటివల్లే."

"ఛీ! నా పెరుగులో పురుగులా?"

"ఏముందమ్మా, ఎత్వం తీసి కొమ్ము పెడితే అదే ఇది!" అని తన జోకుకు తనే నవ్వుకుంటూ సారు పెట్టె తెరిచాడు.

నవ్వు ఆగిపోయింది.

మే నెల ఎండ. గాలాడాలని సారే స్వయంగా కవర్లకు గుచ్చిన బెజ్జాల్లోంచి తేమ చుక్క లేకుండా ఎగిరిపోయింది. పూత కవర్లో రొట్టెలు చెప్పు అట్టల్లా ఉన్నాయి. మామూలు కవర్లోవీ చెప్పు అట్టల్లాగే ఉన్నాయి. నాలుగూ కలిపి రెండు జతలు. బూజు మాత్రం దేనికీ లేదు.

వాన పడని ఊళ్ళో బూజు మాత్రం ఎక్కడినుంచి పడుతుంది?

"ఇది పాడైతేనే కదప్పా, అది పాడు కాలేదని నేను రాసేది!" అన్నాడు సారు. "రెండూ ఒకే మాదిరి ఉండాయి. నీ పూత పనిచేసిందని యాడ చూసి రాయల్ల?"

"ఇంగో పది రోజులు చూడండి సార్. ఈతూరి నీళ్ళు చిలకరించి పెడదాం."

"గడువు ఈ పొద్దే. ఊరికే కవరు గురించి కవరింగు ఇయ్యద్దు."

సారు లేచాడు. కదిరిలో పని చూసుకుని, సాయంత్రానికి అనంతపురం చేరాలి.

ఇంటికొచ్చిన మనిషిని ఉత్తచేతులతో పంపడం మల్లీశ్వరికి చేతకాదు. వచ్చినవాడు కొంప ముంచినా సరే, సద్ది కట్టాల్సిందే. చల్లారిన అన్నంలో గోరువెచ్చని పాలు పోసి, గరిటెడు పెరుగు తోడు వేసి కలిపింది. ఇలా కలిపిన అన్నం దారిలోనే తోడుకుంటూ పోతుంది. మధ్యాహ్నం విప్పేసరికి పులుపెక్కని పెరుగన్నం. పాలకు బదులు పెరుగే కలిపి పంపితే ఈ ఎండకు ముదిగుబ్బ దాటకముందే పులిసిపోతుంది.

సారుకొకటి, జీపు డ్రైవర్ కుళ్ళాయప్పకొకటి, రెండు సద్దులు జీపెక్కాయి. ఓబుళేసు అటువైపు చూడనేలేదు. మూడేళ్ళ పూతను ముంచిన నాలుగు రొట్టెలనే చూస్తూ కూర్చున్నాడు.

ఒకటిన్నరకు షెడ్డులో ఫోను మోగింది.

"ఏమప్పా ఓబుళేసూ! నీకు అనుకూలంగా రాయలేదని ఇట్లా కసి తీర్చుకుంటారా?" అవతల సారు గొంతు పెనంలా కాలుతోంది.

"ఏమైంది సార్?"

"ఏమైందా? కుళ్ళాయప్ప సద్ది ఇప్పితే గడ్డ పెరుగన్నం. నాది ఇప్పితే పాలు! పొద్దున పోసినవి పోసినట్టే ఉండాయి. డ్రైవర్‌కు పెరుగు, ఆఫీసరుకు పాలా? నా సద్దిలో చుక్క తోడు వేసేదానికి మీకు మనసు రాలేదా? ఆయప్ప నా ముందరే లొట్టలేసుకుంటా తింటాండాడు!"

సారుకు ఏ మూలో మిగిలిన జాలి కూడా ఈ పాలన్నంలో కలిసిపోయినట్టే. కంగారులో ఓబుళేసు రిసీవరు నోటి దగ్గర పెట్టుకునే కేకేశాడు.

"ఏమ్మే! సారు సద్దిలో తోడు వేయలేదంట! ఉండే ఆ కాస్త మర్యాదా తీస్తివి గదే!"

మల్లీశ్వరి కొంగు దోపుకుని షెడ్డులోకి వచ్చింది.

"ఎవురు ఆ మాటన్నేది? రెండూ ఒకే గిన్నెలో, ఒకే తోడుతో, ఈ చేత్తోనే కలిపినా. నాకు ఆఫీసరైనా ఒకటే, డ్రైవరైనా ఒకటే. తోడులో ఎచ్చుతక్కువ చేసే దాన్ని కాదు నేను!"

ఫోన్లో సారు ఊపిరి బుసలు కొడుతూ వినిపిస్తోంది. ఆమె కాస్త గొంతు తగ్గించింది.

"ఎచ్చు అంటే ఒక్కటే చేసినా. పెద్దసారు గదా అని, ఆయన సద్ది మాత్రం నువ్వు పూత పూసిన కొత్త కవర్లో కట్టినా."